‘వేరుగా ఉంది’ అన్న కార్డు

ఆర్లిస్ టోలెఫ్సన్ బల్ల కింద మూడు బూట్ల అట్టడబ్బాలు ఉండేవి. మొదటి దాని మీద ‘వస్తారు’ అనీ, రెండోదాని మీద ‘తేల్చుకోలేదు’ అనీ, మూడోదాని మీద ‘రారు’ అనీ ఆమె గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేది. నార్డల్ కాలేజీని చూడవచ్చిన ప్రతి విద్యార్థీ వెళ్ళేముందు ఒక తెల్లకార్డు నింపి ఆమె చేతికి ఇవ్వాలి. కార్డు మీద ఒకటే ప్రశ్న: ఈ రోజు మా కాలేజీ మీకెలా అనిపించింది? దాని కింద ఒకటే గీత. ఒక్క గీతే ఎందుకని ఎవరైనా అడిగితే, “రెండో గీత ఇస్తే మర్యాద కోసం అబద్ధాలు రాస్తారు” అనేది.

ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆ కార్డులను చదివీ చదివీ ఆమె ఒక పద్ధతి ఏర్పరచుకుంది. ‘అద్భుతం!’ అని రాసినవారు సాధారణంగా రారు. వారు వెళ్ళిన ప్రతిచోటా అదే రాస్తారు. ‘నిశ్శబ్దంగా ఉంది’ అన్నవారిలో సగం మంది వస్తారు. వాళ్ళమ్మ రాయిస్తే మాత్రం తప్పకుండా వస్తారు. దక్షిణపు గాలి వీచిన రోజున ‘వాసన’ అని రాసినవారిని తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే కాలేజీకి మైలు దూరంలో రెండు పందుల ఫారాలున్నాయి. ‘పర్వాలేదు’ అని రాసినవారికి ఆగస్టులో గది సిద్ధం చేసి ఉంచవచ్చు. అమెరికాలో అయోవా రాష్ట్రపు ఈ మూలన మనసు నిండినవాడు అనే మాట అదే. ఇక, ఎదుటివారిని నొప్పించకుండా ఒక వస్తువును కాదనాలనుకున్నప్పుడు ఇక్కడివారు వాడే మాట కూడా ఒకటుంది: ‘వేరుగా ఉంది.’ చర్చి విందులో ఎవరైనా కొత్తరకం వంటకం తెస్తే, ఒక ముద్ద తిని, చెంచా కింద పెట్టి అనే మాట. ఆ మాట పడ్డ గిన్నె మళ్ళీ చర్చి గుమ్మం తొక్కదు.

ఆర్లిస్ పుట్టింది కాలేజీకి ఎనిమిది మైళ్ళ దూరంలోని పొలంలో. ఆమె ఏ కాలేజీలోనూ చదవలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళ కిందట టైపిస్టుగా చేరి, మూడో వారంలోనే సందర్శకుల బల్లకు మారింది. అప్పటినుంచి ఆమె అసలు పని కార్డులు కాదు, విద్యార్థులకు వెనక్కి నడవడం నేర్పించడం. సందర్శకుల ముందు నడిచే విద్యార్థి వారివైపు ముఖం పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ మాట్లాడాలి. ఆటలగదిలో నేలమీది పసుపు గీత వెంబడి ఆమె వారితో సాధన చేయించేది.

“మెడ తిప్పకు. వాళ్ళ కళ్ళు చూడు. వాళ్ళు నీ భుజం మీదుగా చూశారంటే నీ వెనక ఏదో ఉన్నట్టు లెక్క.”

“ఏం ఉంటుందండీ?”

“ఒకసారి ఎరువుల ట్రాక్టరు ఉంది. ఇంకోసారి ప్రెసిడెంటు గారున్నారు. ఆయన్నే గుద్దాను.”

ఆ ఏడాది మార్చిలో ఒక మంగళవారం నాడు ఆ పని ఆర్లిస్‌కే వచ్చిపడింది. తీసుకువెళ్ళవలసిన విద్యార్థినికి జ్వరం. బయట సగం కరిగిన మంచు, దాని కింద బురద. ఆ రోజుకు ఉన్నది ఇద్దరే సందర్శకులు: టెక్సస్ దక్షిణపు కొసనుంచి బస్సులో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన యెసేనియా బాల్డెరాస్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి, ఆమె అమ్మమ్మ. సీటు అప్పటికే వచ్చింది. చేరతానో లేదో మే ఒకటిలోగా చెప్పాలి. అమ్మమ్మకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఇద్దరివీ పలుచని కోట్లు. ఆర్లిస్ తన చేతి తొడుగులు తీసి పెద్దావిడకు తొడిగింది.

“మీరు ఇంటికి చేరిన వారంలోపల నా చేతి ఉత్తరం వస్తుందమ్మా,” అని అందరికీ చెప్పినట్టే వీరికీ చెప్పి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

గ్రంథాలయం, ప్రయోగశాల, నాలుగు నిమిషాలు ఆలస్యంగా మోగే గంట, భోజనశాల ట్రేల మీద కూర్చుని పిల్లలు మంచులో జారే దిబ్బ. యెసేనియా అన్నీ చూసింది. ముఖం మూసిన తలుపులా ఉంది. దిబ్బ దగ్గర మాత్రం ఒక ప్రశ్న అడిగింది.

“వెనక్కి నడుస్తుంటే మీకేం కనిపిస్తుంది మేడమ్?”

ఆర్లిస్ అడుగు తడబడింది. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

“మీ మొహాలమ్మా,” అంది. “మీరంతా కాలేజీని చూస్తారు. నేను మిమ్మల్ని చూస్తాను.”

అమ్మాయి తలూపింది. ఈ పిల్ల ఇక్కడికి రావాలి అని ఆర్లిస్‌కు ఆ క్షణాన గట్టిగా అనిపించింది. కాని ఆ మాట పైకి అనలేదు. ఎవరినీ బలవంతపెట్టడం ఆమె పెరిగిన ఇంట్లో లేదు.

తిరిగివచ్చాక ముగ్గురూ ఆఫీసులో కాఫీ తాగారు. పావుగంట తరువాత ఆర్లిస్ రెండు మోకాళ్ళ మీదా చేతులతో చరిచి, “సరే మరి,” అంది. అది విన్న మరుక్షణం అమ్మమ్మ లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. యెసేనియా నిలబడే కార్డు నింపి, బల్ల మీద బోర్లించి, “థాంక్యూ మేడమ్,” అని తలుపు తీసింది. ఆర్లిస్ బల్ల దగ్గరనుంచి కదిలేలోపలే ఇద్దరూ వెళ్ళిపోయారు. దారిలో తినడానికని ఆమె కాగితంలో చుట్టి ఉంచిన తీపి ముక్కలు అక్కడే ఉండిపోయాయి.

కార్డు తిప్పి చూసింది. ‘వేరుగా ఉంది.’

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆమె భర్త వెర్లిన్ అడిగాడు. “ఏంటి, అలా ఉన్నావ్?”

“ఏం లేదు.”

“కార్డా?”

“ఊఁ.”

“ఏమని రాశారేంటి?”

“వేరుగా ఉందని.”

వెర్లిన్ ఫోర్కు కింద పెట్టాడు. “అంత మాటన్నారా!” కొంచెంసేపు ఆలోచించి, ఓదార్పుగా అన్నాడు. “పోనీలే. గాలి దక్షిణం నుంచేగా వీచింది.”

మర్నాడు ఆర్లిస్ ఆ కార్డును మూడో డబ్బాలో వేసింది. మూడో డబ్బాలోని వారికి ఆమె ఉత్తరాలు రాయదు. వద్దన్నవారి వెంటపడకపోవడమే వారికిచ్చే గౌరవమని ఆమె లెక్క. అయినా ఏప్రిల్ నెలంతా, చేరుతున్నామని జవాబిచ్చినవారి జాబితా వచ్చిన ప్రతిసారీ ఆమె వేలు ముందు ‘బ’ అక్షరం దగ్గరకే పోయేది. బాల్డెరాస్ లేదు.

ఏప్రిల్ చివరి గురువారం. ప్రతి గురువారమూ పదింటికి ఆఫీసుల వారంతా కింది గదిలో కాఫీకి చేరుతారు. వంతులవారీగా ఒకరు తీపి తెస్తారు. ఆ రోజు వంతు ఆర్లిస్‌ది. పెరట్లో ఆ ఏటి మొదటి రూబార్బ్ కాడలు వచ్చాయి, గోంగూరంత పులుపు. వాటితో ఆమె ఎప్పుడూ చేసే తీపి ముక్కలే చేసింది గాని, ఈసారి ఎందుకో దాల్చినచెక్క మాని అల్లం దంచి వేసింది.

రిజిస్ట్రారు ఆఫీసు లోవెల్ మొదటి ముక్క తీసుకున్నాడు. కొరికాడు. నమిలాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

“ఓ,” అన్నాడు. “ఇది… వేరుగా ఉందే.”

మిగిలిన ముక్కను కాగితపు రుమాలు కింద దాచి, మొక్కజొన్న విత్తనాలు వేయడం ఎంతవరకు వచ్చిందో మాట్లాడసాగాడు. ఆర్లిస్ పళ్ళేన్ని ఒకవైపుకు జరిపింది. సరిగ్గా అప్పుడే భోజనశాల పెద్ద వంటమనిషి హోవిటా ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. రెండేళ్ళ కిందట టెక్సస్ నుంచి కూతురి దగ్గరకు వచ్చి, ఇక్కడే పనిలో కుదురుకున్న మనిషి.

“ఏంటిది, దాచేస్తున్నావ్? నాకు లేదా?” అంటూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు పెద్దవి చేసింది. “ఆర్లిస్! ఇది వేరుగా ఉంది!”

“తెలుసులే. లోవెల్ చెప్పాడు,” అంది ఆర్లిస్ నొచ్చుకుంటూ.

హోవిటా రెండోది తీసుకుంది. మూడోది కూడా తీసుకుంది. నాలుగోదాన్ని రుమాల్లో చుట్టి ఆప్రాన్ జేబులో పెట్టుకుంది.

ఆర్లిస్ ఆ జేబు వంకే చూస్తూ ఉండిపోయింది. “నువ్వు… వేరుగా ఉందన్నావు కదా?”

“అన్నాను. ఉంది కాబట్టి.”

“మరి తింటున్నావేంటి?”

“బాగుంటే తినక? ఇన్నాళ్ళూ మీరు పెట్టేవన్నీ ఒకటే రుచి. ఇదొక్కటే వేరుగా ఉంది.” హోవిటా లోవెల్ రుమాలు వైపు చూసి గొంతు తగ్గించింది. “ఏంటి, మీ దగ్గర అది తిట్టా?”

లోవెల్ కాఫీ కప్పులోకి తల వంచాడు.

ఆర్లిస్ కాఫీ సగంలో వదిలేసి మెట్లెక్కి పైకి వచ్చింది. మూడో డబ్బా తీసి ఆ కార్డు వెతికి పట్టుకుంది. మే ఒకటికి ఇక రెండు రోజులే ఉంది. మధ్యాహ్నం బడి వదిలే వేళ దాకా ఆగి, సందర్శకుల పుస్తకంలోని నంబరుకు ఫోను చేసింది.

“హలో?”

“అమ్మా, నేను నార్డల్ కాలేజీ ఆర్లిస్‌ని. ఆ రోజు వెనక్కి నడిచానే, నేనే.”

“గుర్తున్నారు మేడమ్.”

“అక్కడ ఎండలెలా ఉన్నాయమ్మా?”

“బాగా ఉన్నాయండీ.”

“ఇక్కడ చినుకులు పడుతున్నాయి. విత్తనాలకు మంచిదేలే.” అమ్మమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి, బస్సు ప్రయాణం గురించి, మళ్ళీ చినుకుల గురించి మాట్లాడింది. నాలుగు నిమిషాలు గడిచాయి. ఆర్లిస్ కార్డును కళ్ళెదుట పెట్టుకుంది. “అమ్మా, నువ్వు రాసినదాని గురించి ఒకటి అడగొచ్చా? ‘వేరుగా ఉంది’ అని రాశావు. అంటే ఏంటి?”

“అంటే ఏముందండీ? వేరుగా ఉంది. అంతకుముందు రెండు కాలేజీలు చూశాం. రెండు చోట్లా ఒకటే పాఠం అప్పగించారు, మాదంతా ఒకే కుటుంబం అని. మీరేమో గంట నాలుగు నిమిషాలు లేటన్నారు. ఆ కంపు పందుల ఫారాలదన్నారు. అమ్మమ్మకు మీ గ్లవ్స్ ఇచ్చేశారు.”

“అయితే… నచ్చినట్టా?”

అంత సూటి ప్రశ్న ఆర్లిస్ తన అరవైమూడేళ్ళలో ఎవరినీ అడిగి ఎరగదు. పెళ్ళికి ముందు వెర్లిన్‌ను కూడా అడగలేదు.

“నచ్చింది మేడమ్. కానీ మీరే కదా మమ్మల్ని పంపించేశారు.”

“నేనా?”

“మోకాళ్ళ మీద కొట్టి ‘సరే మరి’ అన్నారు. ఇక లేవండి అన్నట్టే కదా? అమ్మమ్మ మొహం చిన్నబోయింది. ఉత్తరం వస్తుందిలే అని నేనే సర్దిచెప్పాను. అదీ రాలేదు. పిలవని చోటికి నిన్నెలా పంపేది అంటోంది అమ్మమ్మ. రేపు వేరే కాలేజీకి రాసేస్తున్నాను.”

“అయ్యో నా తల్లీ!” ఆర్లిస్ కుర్చీలోంచి లేచి నిలబడింది. “సరే మరి అంటే వెళ్ళమని కాదమ్మా. వెళ్ళడం మొదలుపెడదామని. ఆ తర్వాత ఇంకా ముక్కాలు గంట ఉంటుంది. తలుపు దగ్గర ఓ పావుగంట, మెట్ల మీద పావుగంట, ఆ తర్వాత బండెక్కి అద్దం దించి ఇంకో పావుగంట.”

“అద్దం దించి కూడానా?”

“అసలు సంగతులు చెప్పుకునేది అప్పుడే! నీకు చెప్పాలనుకున్నవన్నీ నేను తలుపు దగ్గరకు దాచుకున్నాను. మీరేమో పరుగెత్తారు. మీకు నచ్చలేదు కాబోలు అనుకున్నాను. పైగా ఆ కార్డొకటి.”

యెసేనియా నవ్వింది. ఆ నవ్వును ఆర్లిస్ వినడం అదే మొదటిసారి. అమ్మాయి పక్కకు తిరిగి స్పానిష్‌లో ఏదో చెప్పింది. ముసలి గొంతు ఒకటి ఏదో ప్రశ్నించింది.

“మేడమ్, అమ్మమ్మ అడుగుతోంది. నేను వస్తే మీకు ఇష్టమేనా, నా గురించి మీరేమనుకున్నారు అని.”

ఆర్లిస్ నిజాయతీగా జవాబు చెప్పింది. “పర్వాలేదనుకున్నాను.”

అవతల ఆ మాట స్పానిష్‌లోకి మారలేదు. ఈసారి ఆమెకు దాని అర్థం వెంటనే తెలిసింది.

“ఆగమ్మా, ఆగు. ఆ మాట ఆవిడకు చెప్పకు. అది మా దగ్గర వేరు. మా పెళ్ళినాడు నన్ను చూసి మా ఆయన అన్న మాట అదే. నేనింకా తలచుకుంటూ ఉంటాను.” తరువాతి మాట బయటికి రావడానికి కొంచెం సమయం పట్టింది. “నువ్వు రావాలమ్మా. నేను అడుగుతున్నాను. ఆ దిబ్బ దగ్గర నువ్వు ప్రశ్న అడిగినప్పుడే అడగాల్సింది.”

ఆ మాట స్పానిష్‌లోకి మారడం, దానికి పెద్దావిడ ఏదో బదులివ్వడం వినిపించాయి.

“సరేనంది,” అన్నది యెసేనియా. “ఈ సాయంత్రమే కాగితాలు పంపేస్తాను. గ్లవ్స్ మాత్రం తిరిగివ్వదట.”

“ఉంచుకోమను. ఉత్తరం ఇవాళే రాసి పోస్టు చేస్తాను.” ఆర్లిస్ ఆ కార్డును మొదటి డబ్బాలో పెట్టి, కుర్చీలో కూర్చుని, తెలియకుండానే మోకాళ్ళ మీద చరిచింది. “సరే మరి.”

చరిచాక ఉలిక్కిపడి ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. అవతల పెట్టెయ్యలేదు.

“మేడమ్, ఇప్పుడు తలుపు దగ్గరకి వచ్చామా?”

“వచ్చామమ్మా.”

“అయితే చెప్పండి. ఆ పందుల కంపు ఎన్నాళ్ళుంటుంది?”

ఐదింటికి లోవెల్ ఇంటికి బయలుదేరుతూ తలుపులోంచి తొంగిచూశాడు. ఆర్లిస్ చేతితో వెళ్ళమని సైగ చేసింది. ఫోనులో వారు అప్పటికి ఇంకా మెట్ల దగ్గరే ఉన్నారు.