సలసేనీకి వచ్చిన ఉద్యోగం

మా తమ్ముడు ఇనోకే సముద్ర దోసకాయల కోసం, అంటే అడుగున పాకే మెత్తటి జీవుల కోసం, గాలి గొట్టం నోట పెట్టుకుని లోతుకు దిగేవాడు. వద్దురా అంటే వినలేదు. అంత లోతు నుంచి ఆగి ఆగి రావాలి, ఒకరోజు తొందరపడి ఒక్కసారే పైకి వచ్చాడు. అంతే, నడుము కిందికి చచ్చుబడిపోయింది. అప్పటినుంచి అతన్ని ఎత్తేదీ, కడిగేదీ, ఒంటి మీద పుండ్లు పడకుండా మాటిమాటికీ పక్క మార్చేదీ అతని భార్య సలసేనీయే.

మా దీవి మీద పడ్డ తుపానుకు వాళ్ల ఇంటికప్పు ఎగిరిపోయాక బతుకు నీలం టార్పాలిన్ కిందికి వచ్చింది. వాన పడితే మంచాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు లాగాలి. ఎంత లాగినా వాడు తడిసేవాడు, తడిస్తే దగ్గు పట్టుకునేది. సలసేనీకి ఒకటే పట్టుదల. ఆస్ట్రేలియా వెళ్లి కొన్నాళ్లు పనిచేయాలి, తిరిగొచ్చి గోడలు కట్టించి రేకులు వేయించాలి, మొగుణ్ణి పొడిగా పడుకోబెట్టాలి.

బడి వెనక గుట్ట ఎక్కితే గానీ మా ఊళ్లో సిగ్నల్ దొరకదు. కర్రపెండలం ఉడకేసి, ఇనోకేను నాకు అప్పగించి, ఉద్యోగాల ప్రకటనలు వెతకడానికి ఫోను పట్టుకుని ఆమె గుట్ట ఎక్కేది. దారిలో ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏమే, గుట్ట మీద రెండో మొగుణ్ణి గానీ దాచావా?"

"దాచాను. ఆస్ట్రేలియా వాడు. మీకు చూపిస్తే ఎత్తుకుపోతారు" అనేది సలసేనీ.

రేవు పట్నంలోని కార్మిక కార్యాలయంలో తితిలియా అని ఒకావిడ ఉంది. పడవ దిగినప్పుడల్లా సలసేనీ ఆవిడ బల్ల ముందు కూర్చునేది. ఆవిడ చెప్పిందల్లా ఒంటబట్టించుకుంది. కంపెనీ పేరు కనిపిస్తే ముందు కార్యాలయంలో అడిగేది. ప్రకటనలో ఉన్న నంబరుకు కాదు, తను విడిగా వెతికి పట్టుకున్న నంబరుకే ఫోన్ చేసేది. పని ఇవ్వకముందే డబ్బడిగినవాడికి జవాబే ఇచ్చేది కాదు. మా పాస్టరుగారి అల్లుడు పండ్ల తోటలో పని అంటూ ఎవడికో పాస్‌పోర్టు ఫొటో పంపబోతుంటే ఫోను లాక్కుంది.

"జీతం ఎంతో చెప్పాడు సరే, తోట ఏ ఊళ్లో ఉందో చెప్పాడా?" అని అడిగింది. అతను మెసేజ్ అంతా మళ్లీ చదివాడు, ఊరి పేరే లేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరికి ఏ మెసేజ్ వచ్చినా ముందు ఆమెకు చూపించడం మొదలైంది.

మొదట్లో తన దరఖాస్తుల్లో ఇంటిపని అని రాసుకునేది. ఎవరూ పలకలేదు. తితిలియా కసురుకుంది. "ఇంట్లో నువ్వు చేసేదేమిటి? అది రాయి." అప్పుడు రాసింది, కదల్లేని మనిషిని ఒంటిచేత్తో ఎత్తి కూర్చోబెట్టడం, కడగడం, ఇన్నేళ్లలో ఒక్క పుండు పడనివ్వకపోవడం. ఆస్ట్రేలియాలోని ఒక వృద్ధాశ్రమం వాళ్లు ఫోన్‌లోనే ఇంటర్వ్యూ చేశారు. తితిలియా సరిచూసింది, నిజమైన ఆశ్రమమే. ఉద్యోగం ఇస్తున్నట్టు మెయిల్ వస్తుందనీ, వచ్చిన వారంలోగా ఒప్పుకుంటూ జవాబు రాయాలనీ చెప్పారు.

మా ఊళ్లో మంచి కబురు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు అందరి ప్రార్థనా అడగాలి. దాచుకుంటే పొగరంటారు. సలసేనీ ఆదివారం చర్చిలో లేచి చెప్పింది. పట్నాల్లో ఉన్న మావాళ్లు కూడా ప్రార్థించాలని ఫోనులో ఊరి గ్రూపులోనూ పెట్టింది, ఆశ్రమం పేరుతో సహా, రావలసిన మెయిల్ సంగతితో సహా. ఆ గ్రూపులో ఎవరెవరు దూరి కూర్చున్నారో ఎవరికి తెలుసు?

కొద్దిరోజులకు ఒక మెసేజ్ వచ్చింది. "ఓసి కుళ్లు చేపల ఊరిదానా, ఇంకా గబ్బిలాల కూరే తింటున్నారా? నేను ఎదుటి దీవి అపెనీసాను. ఆ ఆశ్రమంలోనే పనిచేస్తున్నా. నీ కాగితాలు నా చేతిలోనే ఉన్నాయే తౌవూ."

ఎదుటి దీవి వాళ్లు మాకు తౌవూలు. ముత్తాతల నాడు ఇద్దరిదీ ఒకే దేవుడు, అలా కలిసిన వరస. బావామరదళ్లలాగా ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం రాకూడదు. వాళ్లొచ్చి మన పందిని తోలుకుపోయినా నవ్వాలి. అడిగింది లేదనకూడదు. నువ్వు నిజంగా ఆ దీవివాడివేనా అని తౌవూను నిలదీయడమంటే మొహాన ఉమ్మినట్టే. ఇంకెవడైనా అయితే సలసేనీ వాణ్ణి ప్రశ్నలతో దులిపేసేది. ఆ తిట్టు చదివి పగలబడి నవ్వింది. "చూశావా వదినా, అంత దూరంలో కూడా మనకో తౌవూ దొరికాడు" అంది. నాకూ ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు.

వాడు డబ్బడగలేదు. అడిగితే ఆమె ఇట్టే పసిగట్టేది. "నీ ఫోనుకు ఓటీపీ వస్తుంది, ఇలా పడెయ్. నీ మెయిల్ పనులన్నీ నేనే చూసుకుంటా, నీ బద్ధకం నాకు తెలీదా" అన్నాడు. సలసేనీ నవ్వుతూనే పంపింది. ఆ తర్వాత మెయిల్ తెరుచుకోలేదు. తౌవూ చూసుకుంటున్నాడులే అనుకుంది. ఇంకో ఓటీపీ అడిగాడు, అదీ ఇచ్చింది. ఊరంతా చందాలు పోగేసి ఆమె ఫోను ఖాతాలో వేసిన దారిఖర్చు దాంతో ఊడ్చుకుపోయింది. మళ్లీ వాడు పలకలేదు. వాడి చేతులు పడిపోను, దోచుకోవడానికి వాడికి మా వరసే దొరికింది.

డబ్బు గురించి ఊళ్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఉద్యోగం ఉంటే చాలన్నారు. ఇనోకేను పక్కింటివాళ్లకు అప్పగించి మేమిద్దరం పడవెక్కాం. తితిలియా అక్కడికక్కడే ఆశ్రమానికి ఫోన్ చేసింది. చాలాసేపు అవతలివాళ్లు చెప్పేది విని, మెల్లగా ఫోన్ పెట్టేసింది.

"ఎప్పుడో మెయిల్ పంపారట. జవాబు రాకపోతే ఇంకోసారి కూడా రాశారట. గడువు దాటిపోయిందని వేరే ఆమెను తీసుకున్నారు."

"నా మెయిల్ ఖాతా నా చేతిలో లేదమ్మా" అంది సలసేనీ.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నీకు చెప్పానా లేదా?"

"చెప్పారు. నేను ఎవరికీ చెప్పలేదు. తౌవూకే చెప్పాను."

తితిలియా ఇంక తిట్టలేకపోయింది. ఆవిడా మా మనిషే, ఆవిడకూ తౌవూలున్నారు. పోలీసులకు ఫిర్యాదు తనే రాసిపెడతానంది, వచ్చే ఏడు మళ్లీ చూద్దామంది. వచ్చే ఏడుకు ముందు ఒక వానాకాలం ఉంది.

తిరుగు పడవలో సలసేనీ నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. "నేను చెప్తాలే ఇనోకేకు" అన్నాను. "వద్దు వదినా. నేనే చెప్పాలి" అంది.

మేం గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, ఇనోకే చెయ్యెత్తి ఆపాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏమీ మాట్లాడొద్దు. ముందు ఇది చూడండి."

మంచం కోడుకు పాత పడవ తాడు కట్టి ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా లాగి, ఒళ్లంతా గోడవైపు తిప్పుకున్నాడు. ఎవరూ చెయ్యి వేయలేదు. ఇన్నేళ్లలో వాడు తనంతట తాను పక్క మారడం నేను చూడలేదు.

"మీరిద్దరూ లేనప్పుడల్లా నేర్చుకున్నా" అన్నాడు గోడకేసి, రొప్పుతూ. "అక్కకు నడుము నొప్పి, నన్నెక్కడ తిప్పగలదు? ఇటువైపు వచ్చేసింది. అటువైపు ఇంకా రావడం లేదు, నువ్వెళ్లేలోపు వచ్చేస్తుంది. ఇక నాకోసం నువ్వు ఆగక్కర్లేదు."

సలసేనీ మంచం దగ్గరికి వెళ్లి నిలబడి, వాడి వీపుకేసి చూస్తూ, జరిగిందంతా చెప్పింది. తౌవూ సంగతి కూడా దాచలేదు. వాడి చేతులు తాడును వదల్లేదు. మొహం మాకు కనిపించడం లేదు.

చివరికి తాడు వదిలేసి ఇనోకే అన్నాడు, "సరేలే. నన్ను ఇటు తిప్పు."

సలసేనీ వంగి, రోజూ తిప్పినట్టే వాణ్ణి తనవైపు తిప్పుకుంది.