మాట తెప్పించే పాఠాలు

కండక్టర్ నోరు మూతపడగా ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. పగలంతా బస్సులో అరిచి ఇంటికొచ్చినా ఆయన గొంతు తగ్గేది కాదు. మెట్లెక్కుతూనే కింది వాటావాళ్ళను పలకరించి, ఎదురొచ్చిన పిల్లల మీద జోకులేసి, చెప్పులు విప్పేలోపు ఆ రోజు బస్సులో ఎవరు ఎవరి మీద విరుచుకుపడ్డారో సగం చెప్పేసేవాడు. ఆయన భార్య అందుకు పూర్తిగా భిన్నం. నోట్లో నాలుక లేని మనిషి. యూనిఫాంలు కుట్టే షాపులో చొక్కాలకు కాజాలు తీసి బొత్తాలు కుట్టడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను కాజాలక్క అనేవారు.

"మా ఇంట్లో మాట్లాడే డిపార్టుమెంటు నాది, వినే డిపార్టుమెంటు ఆవిడది" అని కండక్టర్ ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. ఆమెకు ఆ ఏర్పాటు హాయిగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం డిపోలో భోజనం చేస్తూ పక్కవాడికి ఏదో కబురు చెప్పబోయి ఆగిపోయాడు. మూతి ఒక పక్కకు లాగేసింది. చేతిలో గ్లాసు జారి పడింది. తోటివాళ్ళు ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. ప్రాణం దక్కింది. కుడికాలు ఈడుస్తూనైనా నడవడం వచ్చింది. మాట మాత్రం రాలేదు.

బొత్తిగా రాలేదని కూడా కాదు. బస్సు కదలమని డ్రైవర్‌కు ఇన్నేళ్ళూ వేసిన కేక ఒక్కటి మిగిలింది. మంచినీళ్ళు కావాలా అంటే "రైట్ రైట్" అనేవాడు. నొప్పిగా ఉందా అన్నా అదే. వద్దని తల అడ్డంగా ఊపుతూ కూడా నోటితో అదే అనేవాడు. అది తను చెప్పదలచుకున్న మాట కాదని ఆయనకూ తెలుస్తూనే ఉండేది. అన్న వెంటనే కళ్ళు పెద్దవి చేసి, ఎవరో తన నోటితో మాట్లాడినట్టు అటూ ఇటూ చూసేవాడు.

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరుతో కాజాలక్క ధైర్యం చేసి అడిగింది. "మాట ఎప్పుడొస్తుంది బాబూ?"

"మాటలు నేర్పించేవాళ్ళు వేరే ఉంటారమ్మా. ఇక్కడ ఆ పోస్టు ఖాళీ. బయట చూపించుకుంటే గంటకింతని తీసుకుంటారు." ఆయన ఆమె చీర అంచునూ, చేతిలో సంచినీ ఒకసారి చూశాడు. "ఇప్పుడు నెట్‌లో అన్నీ ఫ్రీగానే ఉన్నాయిగా. కోర్సులకు కోర్సులే పెట్టేస్తున్నారు. ఇంట్లో చదువుకున్నవాళ్ళుంటే చూసి చేయించండి."

ఇంట్లో చదువుకున్నది కూతురొక్కతే. మందుల షాపు కౌంటర్‌లో పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేది. తన పాత ఫోన్ తల్లికిచ్చి, గుండ్రటి మైకు బొమ్మ చూపించింది. "ఇది నొక్కి నీకేం కావాలో చెప్పు. అదే వెతుకుతుంది. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, వీడియోలు చూడు."

కాజాలక్క ఏడో తరగతి చదివింది. తెలుగు చదవగలదు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు. మర్నాడు షాపులో భోజనం వేళ ఓ మూలకు వెళ్ళి, ఎవరూ వినకుండా ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకుని, "మాట పోయింది, మాట ఎలా తెప్పించాలి, ఫ్రీ కోర్సు" అని అడిగింది. ఫోన్ కుప్పలు తెప్పలుగా చూపించింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇన్ని ఉన్నాయా! ఎవరో తెలియని వాళ్ళు, పైసా అడక్కుండా, తనలాంటి వాళ్ళ కోసం ఇన్ని చెప్పి పెట్టారా!

మొదట దొరికిన కోర్సులో కోటు వేసుకున్న ఒకాయన మాట ధారాళంగా రావాలంటే ఊపిరి ఎలా పీల్చాలో చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, సాయంత్రం భర్తను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి ఊపిరి పీల్పించింది. ఆయన బుద్ధిగా పీల్చాడు. వారాలు గడిచాక ఆ కోటాయన మీటింగుల్లో పైఅధికారుల ముందు తడబడకుండా ఎలా నిలబడాలో చెప్పడం మొదలుపెట్టాడు. అది ఆఫీసుల్లో మేనేజర్లకు పెట్టిన కోర్సని ఆమెకు అప్పుడు తెలిసింది.

తర్వాత దొరికినావిడ మాట ఆలస్యంగా వచ్చే చంటిపిల్లల తల్లులకు చెప్పేది. పళ్ళ మధ్య పెన్సిలు పెట్టించమంది, నాలుకతో ముక్కు అందుకోమంది, బొమ్మలున్న అట్టలు చూపించి పేర్లు చెప్పించమంది. కాజాలక్క అట్టముక్కలు కత్తిరించి, పాత పుస్తకాల్లోంచి ఏనుగు, యాపిల్, బంతి బొమ్మలు అంటించింది.

"చెప్పండీ, ఇదేంటి? ఏ... ఏను..."

"రైట్."

"కాదు. ఏనుగు. అనండి, ఏ..."

పళ్ళ మధ్య పెన్సిలుతో, చొంగ గడ్డం మీదికి కారుతుండగా ఆయన భార్య ముఖంలోకి చూశాడు. బస్సు నిండా జనాన్ని ఒక్క కేకతో సర్దిన మనిషి. పెన్సిలు ఉమ్మేసి, ఎడంచేత్తో అట్టలన్నీ నేల మీదికి తోసేశాడు. ఆ పూట తిండి ముట్టలేదు.

కూతురు ఇంటికొచ్చి చూసింది. "అమ్మా, నాన్నకి అన్నీ తెలుసు. చంటిపిల్లాడిని చేసి ఆడించకు."

"మరి నువ్వు చెప్పవే, ఏం చేయాలో!"

"నాకేం తెలుసు? వెతకమన్నారుగా, వెతుకు. కొంచెం చూసి వెతుకు."

చూసి వెతకడమంటే ఎలాగో ఆ పిల్లకూ తెలియదు. కాజాలక్క వెతుకుతూనే ఉంది. నాలుక మీద రాసే తైలం అమ్మేవాడొకడు తగిలాడు. మొదటి పాఠం ఫ్రీ అని, రెండోదానికి కార్డు నంబరు అడిగేవాళ్ళు తగిలారు. ఒకచోట చివరిదాకా చూస్తే, మిగతాది ఇంకోచోట ఉందన్నారు. అక్కడికి వెళ్తే పేజీయే లేదు. మిషను మీద కూర్చున్నా మనసంతా ఫోన్ మీదే ఉండేది. ఒకసారి కాజా తీయాల్సిన చోట తీయక, చొక్కా మధ్యలో బెజ్జం పడింది. షాపు ఓనరు ఏమీ అనలేదు. అననందుకే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అలా ఒక ఏడాది తిరిగిపోయి, రెండో ఏడు సగంలో పడింది. కండక్టర్ సాయంత్రాలు వీధి చివర బస్టాపులో బెంచీ మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. మొదట్లో తెలిసిన డ్రైవర్లు బస్సు ఆపి "ఏం బావా" అని పలకరించేవారు. ఆయన "రైట్ రైట్" అంటే నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. పోనుపోను డ్రైవర్లు అటు చూడకుండా పోవడం నేర్చుకున్నారు.

షాపు దగ్గర్లో చిన్న లైబ్రరీ ఉంది. అక్కడ ఉచితంగా కంప్యూటర్ వాడుకోవచ్చని ఎవరో చెబితే కాజాలక్క ఓ మధ్యాహ్నం వెళ్ళింది. కళ్ళద్దాల తాడు మెడలో వేలాడుతున్న లైబ్రరీ మేడం ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరేం అని వెతుకుతున్నారమ్మా?"

చెప్పింది.

"అలా అడిగితే లోకంలో నోరున్న ప్రతివాడూ వచ్చి పడతాడు. ముందు నాకు చెప్పండి. మీరు మాట్లాడేది ఆయనకు అర్థమవుతుందా?"

"బాగా అవుతుంది మేడం."

"నోరు, నాలుక కదులుతాయా?"

"తింటారు, ఈల కూడా వేస్తారు. మాటే రాదు."

"అంటే లోపం నాలుకలో లేదన్నమాట. దీనికొక పేరుంటుంది. పేరు తెలిస్తే దారి దొరుకుతుంది."

మేడం అది టైపు చేసి, నాలుగు చోట్ల చదివి పోల్చి చూసి, 'అఫేజియా' అంది. కాజాలక్క ఆ మాటను లోపల్లోపల పలికి చూసుకుంది. ఇంతకాలం తమ ఇంట్లో కూర్చున్నదాని పేరు ఇదా! ఎవరు చెబుతున్నారో, వాళ్ళది ఆసుపత్రో యూనివర్సిటీయో చూడకుండా దేన్నీ నమ్మొద్దని మేడం హెచ్చరించింది. ఆ పూటే ఎక్కడో దూరదేశపు యూనివర్సిటీ, మాట పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసమే పెట్టిన కోర్సు దొరికింది. నిజంగానే ఫ్రీ. కింద తెలుగులో అక్షరాలు కూడా వచ్చేవి. మెషీన్ చేసిన తర్జుమా. "కొట్టు తిన్న మీ భర్త ఉపన్యాసం కోల్పోయి ఉండవచ్చు" అని మొదటి వాక్యం; స్ట్రోక్ కొట్టయింది, స్పీచ్ ఉపన్యాసమైంది. మేడం పకపకా నవ్వింది. కాజాలక్క కూడా నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్విందో ఆమెకే గుర్తు లేదు.

ఆ కోర్సు చెప్పేది నెరిసిన జుట్టున్న ఒక టీచరు. బల్ల మీద మెదడు బొమ్మ పెట్టుకుని, ఎదురుగా కూర్చున్నవాళ్ళతో చెప్పినట్టు నిదానంగా చెప్పేది. తర్జుమా కలగాపులగంగా ఉన్నా, అర్థం కాని చోట మేడం అసలుది చదివి చెప్పేది. మనిషి తెలివి ఎక్కడికీ పోలేదని ఆ టీచరు చెప్పింది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడొద్దంది. పదే పదే "అను, అను" అని వెంటపడొద్దంది. నాలుక కసరత్తులతో ఈ లోపం పోదంది. ప్రశ్న అడిగి ఆగండి, మీకు విసుగొచ్చేదాకా ఆగి, ఆ తర్వాత ఇంకాస్త ఆగండి అంది. ఒక్కో పాఠం వింటుంటే కాజాలక్క తలలో పెన్సిలు, ఏనుగు అట్ట, చొంగ కారిన గడ్డం మెదిలేవి. చేయొద్దన్నవన్నీ తను చేసింది. వరసగా, ఒళ్ళు దాచుకోకుండా చేసింది.

ఆపైన ఒక పాఠంలో ఆ టీచరు బోర్డు మీద గీత గీసింది. మొదట్లో నిటారుగా పైకి లేచి, తర్వాత వాలి, దాదాపు చదునుగా సాగిపోయే గీత. కింద తెలుగులో వచ్చింది: "కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి నెలల్లోనే జరుగును."

ఆమె వెనక్కి తిప్పి మళ్ళీ వింది. తర్జుమా తప్పేమోననుకుంది. "మేడం, ఇక్కడ ఆవిడ నిజంగా ఏమంటోంది?"

మేడం అద్దాలు పెట్టుకుని చదివింది. "అదే అంటోందమ్మా. తర్వాత కూడా మెరుగవుతారు, ఆశ వదలొద్దు అని కూడా అంటోంది."

"కొంచెం మెరుగవుతారు."

"అవును. కొంచెం."

కాజాలక్క ఆ గీతను చూస్తూ కూర్చుంది. అది నిటారుగా లేస్తున్న కాలంలో తాను కోటు వేసుకున్నాయన మాట విని భర్తతో ఊపిరి పీల్పించింది. ఆ పనికిమాలినవన్నీ ఉన్న చోటే ఈ టీచరూ ఉంది. అప్పుడూ ఉంది, అప్పుడూ ఫ్రీయే. పేరు తెలియక తనే ఆ టీచరు గుమ్మం దాకా పోలేకపోయింది. ఆ పేరు డాక్టరుకు తెలుసు. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంటికెళ్ళి కూతురికి చెప్పింది. ఆ పిల్ల గోడ వైపు తిరిగి, "నేనే చూడాల్సింది. రోజంతా మందుల పేర్లు చదువుతాను. ఒక్కసారి నేను చూడాల్సింది" అంది. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. లోపల గదిలో ఆయన ఉన్నాడని గొంతు మాత్రం పెంచలేదు.

అయినా కాజాలక్క కోర్సు మానలేదు. అడిగి ఆగడం నేర్చుకుంది. ఎదురుగా రెండు వస్తువులు పెట్టి వేలు చూపించనిచ్చింది. ఆయనతో ఎప్పట్లా 'ఏమండీ' అని, పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున ఆమె ఫోన్ తెచ్చి పాఠం పెట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పెదవులు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా కష్టపడి, "వ... వద్దు" అన్నాడు.

ఆమె కేక పెట్టింది. కూతురు తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "మాటొచ్చిందే! మీ నాన్నకి మాటొచ్చింది! ఏదీ, మళ్ళీ అనండి!"

"వద్దు" అన్నాడు ఆయన. ఫోన్‌ను ఆమె చేతిలోంచి తీసి, తెర కిందికి వచ్చేలా బల్ల మీద బోర్లించాడు. "వద్దు."

అప్పుడర్థమైంది ఆమెకు. వచ్చిన ఒక్క మాటతో ఆయన మొదట చెప్పిన సంగతి అది. బహుశా పెన్సిలు ఉమ్మేసిన రోజు నుంచీ చెప్పాలని చూస్తున్న సంగతి. "సరేనండీ, వద్దులెండి" అని ఆమె ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఎడంచెయ్యి ఆమె మోకాలి మీద వేశాడు. ఆ రోజుతో పాఠాలు ఆగిపోయాయి.

ఆ ఏడు చలికాలంలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి రెండు మాటలూ పోయాయి, కాళ్ళూ పోయాయి, మింగడం కష్టమైంది. ఆసుపత్రిలో ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. ఈసారి కాజాలక్క బిడియపడలేదు. వార్డులో డాక్టరు చెయ్యి పట్టుకున్నంత పని చేసి, "దీని పేరేంటో చెప్పండి. మింగలేకపోవడానికి ఏమంటారు? పుండ్లు పడకుండా చూడటానికి ఏమంటారు? పేర్లు చెప్పండి చాలు" అని అడిగి, ఆ పేర్లు నోటితో వల్లించుకుంటూ లైబ్రరీకి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నానికే అన్నీ దొరికాయి. మంచి కోర్సులు, తెలిసినవాళ్ళు చెప్పినవి, ఫ్రీవి. తల ఎంత ఎత్తున పెట్టి తినిపించాలో, గొంతు దిగిందో లేదో ఎలా చూడాలో, మనిషిని నొప్పి లేకుండా ఎలా తిప్పాలో నేర్చుకుంది. ఇంటికొచ్చి చూసిన నర్సు, "ఇన్నాళ్ళుగా మంచం మీదున్నా ఒంటి మీద ఒక్క పుండు లేదు! ఎక్కడ నేర్చుకున్నారు?" అని మెచ్చుకుంది. కాజాలక్క ఫోన్ వైపు చూపించింది.

లైబ్రరీ మేడం ఒకసారి ఇంటికొచ్చింది. "మీకు నేర్చుకునే చెయ్యి తిరిగిందమ్మా. మీ కోసం కూడా ఏదైనా నేర్చుకోండి. బట్టల డిజైన్లు, ఇంగ్లీషు, ఏదైనా సరే. నేను చూసి పెడతాను."

"నాకు కావలసింది ఆ మొదటి నెలల్లో దొరకాల్సింది మేడం" అంది కాజాలక్క. నిష్ఠూరంగా అనలేదు. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఆమె వెళ్ళాక కాజాలక్క ఫోన్ తెరిచింది. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళ కోర్సులో ఒక్క పాఠం మిగిలింది. దాని పేరు 'చివరి రోజుల్లో'. తర్జుమాలో ఎక్కడా తప్పు లేదు. ఆమె ఆ రెండు మాటలూ చదివి, పాఠం తెరవకుండానే ఫోన్ కిటికీ గట్టు మీద పెట్టింది. మంచం మీద ఆయన కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. రెండో పక్కకు తిప్పాల్సిన వేళ అయింది. భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి, "తిప్పుతున్నానండీ" అని చెప్పి, కాసేపు ఆగింది.