ఎర్ర డబ్బాలోని చింతగింజలు

ఎనిమిదేళ్లుగా మూడు డబ్బాలు మోస్తున్నాను. ఒకటి పాలపొడి డబ్బా, ఒకటి బిస్కెట్ల డబ్బా, ఒకటి మూత పోయిన నూనె డబ్బా. రెండు వేళ్లతో ఎత్తగలను. కానీ ఇటుకలూ కాంక్రీటూ మోసిన నా మెడకు వీటంత బరువైనది ఎప్పుడూ తగల్లేదు.

ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లయితే ముఖం చూడగానే మాట మార్చేస్తాను. నాకు సంతకం తప్ప రాత రాదు. అది కూడా నిలబడి మొదలై పడుకుని ముగుస్తుంది. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. నా గరుకు గొంతు వీధి చివరిదాకా వినబడుతుందని కిటికీ మూసేసింది. లోపల ఉక్కపోస్తోంది. చెమట పట్టేది భయానికో ఉక్కకో తేల్చుకునేలోపు చెప్పేస్తాను.

మాది కదిరి వైపు. మా ఆయన మేస్త్రీ, నేను తట్ట మోసేదాన్ని. బెంగళూరులో ఎందరికో మిద్దెలు కట్టాం, మాకు మాత్రం వర్తూరు చెరువు గట్టు మీద రేకుల ఇల్లు మిగిలింది. తొంభైల్లో సిమెంటు దుమ్ముకు ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. మంచాన పడినా నోరు పడలేదు, అందరినీ నవ్వించేవాడు. ఒక ఆదివారం చేపల పులుసు కావాలన్నాడు. చందాపుర సంతకు వెళ్లి, తొట్టిలో ఈదుతున్న చేపలు నాలుగు తెచ్చాను. నల్లటి ఒళ్లు, పిల్లికున్నట్టు మీసాలు. ఆఫ్రికా చేపలని అమ్మినవాడు చెప్పాడు. సంచిలో, నీళ్లు లేకుండా, బస్సులో అంతదూరం వచ్చినా ఒక్కటీ చావలేదు. రోకలితో ఒకదాని తల మీద ఒక్కటిచ్చాను. అది నన్ను చూసి మీసాలు ఆడించింది. ఆయన దగ్గుతూనే పకపకా నవ్వాడు.

"వదిలెయ్యే దాన్ని. బతకాలని నాకంటే మొండిగా ఉండాది," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన పోయాడు.

చావు ఇంట్లో పదకొండో రోజుదాకా మేము నీసు వండం, ప్రాణం తీయం. ఆ ఆదివారం కొయ్యకుండా బకెట్ నీళ్లలో వేసిన చేపలు అలాగే ఉండిపోయాయి. వచ్చిన చుట్టాలు ఏడ్చి, ముక్కు చీది, ఆ తర్వాత బకెట్లోకి తొంగిచూసి "ఇంకా ఉండాయే!" అనేవాళ్లు. పదకొండో రోజున వాటిని కోసి ఆయన పేరున పులుసు పెట్టమన్నారు పెద్దలు. నాకు చెయ్యి రాలేదు. వదిలెయ్యమని ఆయనే అన్నాడు కదా? బకెట్ మోసుకెళ్లి మా ఇంటి ముందున్న మెట్ల దగ్గర చెరువులోకి వంచేశాను. "పోండప్పా, బతకండి," అన్నాను.

బతికాయి. అడిగినదానికంటే ఎక్కువే బతికాయి.

కొన్నేళ్లకు వలల్లో కొరమీను అరుదైపోయింది. పరిగెలు తగ్గాయి. మురికి చేరి నురగ లేచే నీళ్లలో మిగతా చేపలు వెల్లకిలా తేలుతుంటే, ఈ మీసాల దొరలు మాత్రం బలిసిపోయారు. వలలు వేసేవాళ్లందరిదీ ఒకటే మాట. వీటిని తెచ్చి వదిలినవాడు దొరికితే గట్టు మీద ఉండనివ్వరట. నా ఇల్లున్నది ఆ గట్టు మీదే.

సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చింది. ఏదో కాలేజీలో పరిశోధన చేసేది, మన తెలుగు పిల్లే. స్కూటర్ మీద వచ్చి, నా గడప ముందే చేప పొట్ట కోసి లోపల ఏముందో చూసేది. పరిగె, కప్ప, ఒకసారైతే షాంపూ పొట్లం. దర్జీ టేపుతో చేపను తలనుంచి తోకదాకా కొలిచేది. జాకెట్టు కుట్టిస్తావా తల్లీ అంటే పడీపడీ నవ్వేది. చెరువులో ఈ చేప ఎక్కడెక్కడ ఎంతెంత పెరుగుతోందో రోజూ చూసి చెప్పే మనిషి కావాలంది. నాకు రాత రాదన్నాను. అప్పుడు మేమిద్దరం కలిసి చేసిన ఉపాయమే రంగులు పూసిన ఈ మూడు డబ్బాలు. వలలు ఒడ్డుకొచ్చే చోట్లు మూడు. మా మెట్లకు ఎర్ర డబ్బా, మధ్య గట్టుకు పచ్చ డబ్బా, తూము దగ్గరకు పసుపు డబ్బా. ఒక మీసాల చేప పడితే ఆ చోటి డబ్బాలో ఒక చింతగింజ. శనివారం మేడమ్ వచ్చి లెక్క చూసుకునేది.

"చదువుకున్నవాళ్లు లెక్కను దిద్దుతారమ్మా, మీరు దిద్దరు," అంది ఒకసారి. ఎంత పొంగిపోయానో! తట్ట దించి కూర్చుని చేసిన మొదటి పని అది. వలలవాళ్లు నన్ను గింజల ఆఫీసరు అని పిలిచేవాళ్లు. పిలిపించుకునేదాన్ని కూడా.

ఎర్ర డబ్బా నిండడం మొదలైంది. పచ్చది సగం, పసుపుది అడుగున నాలుగు గింజలు. ఎక్కడ ఎక్కువుంటే మొదట అక్కడే వదిలి ఉంటారని, మ్యాపులో అక్కడ పెద్ద చుక్క పెడతానని మేడమ్ చెప్పింది. మా మెట్ల మీద చుక్క పెడితే గట్టు వాళ్లు ఎవరి తలుపు తడతారు?

ఆ శుక్రవారం సాయంత్రం ఎర్ర డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి పసుపు డబ్బాలో వేశాను. గుప్పెడే. తర్వాతి శుక్రవారం రెండు గుప్పెళ్లు. ఆ వానాకాలమంతా అదే పని. తూము కింద ఎవరుంటారో నాకు తెలియదా? తెలుసు. మునియప్ప. చేతులతో తవ్వుకున్న గుంటలో బొచ్చె చేపలు పెంచుకునేవాడు. నన్ను అక్కా అనేవాడు. మా ఆయన పాడెకు ముందు కొమ్ము పట్టినవాడు అతనే. గింజలు పోస్తున్నప్పుడు అదంతా గుర్తు రాలేదా నీకు, అని నన్ను నేను అడుగుతుంటాను. వచ్చింది. అందుకే చప్పుడు కాకుండా పోశాను.

ఒక శనివారం మేడమ్ గుడ్డ పరిచి గింజలు పదేసి చొప్పున పేరుస్తోంది. వలలవాళ్లు చుట్టూ మూగారు. మునియప్ప కూడా వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, పసుపు డబ్బాలో ఇన్నా! పోయిన వారానికి డబుల్. ఇది తూము స్పాటే కదా?" అంది మేడమ్.

"ఊ, తూము కాడే మేడమ్మా."

మునియప్ప నవ్వాడు. "ఏమక్కా, అన్నీ నా గుంట కాడికే వస్తా ఉండాయా? నేనేమన్నా పెండ్లి భోజనాలు పెడతా ఉండానా వాటికి?"

"పెంచేవాడికి తెలీదా ఏల వస్తా ఉండాయో!" అన్నాడు వలలవాళ్లలో ఒకడు.

మునియప్ప నవ్వు ఆగిపోయింది. "బొచ్చె పిల్లలు తప్ప ఇంగోటి వెయ్యలేదప్పా నేను. అక్కా, దినామూ చూస్తా ఉండావు గదా. నువ్వు చెప్పక్కా."

అందరూ నావైపు చూశారు.

"నాకేం తెలుసప్పా? గింజలు చెప్పేదే నేను చెప్తా ఉండాను."

గింజలు చెప్పాయట! అవి నోరులేనివి కాబట్టి ఊరుకున్నాయి.

వారంలోపే వలలవాళ్లు మునియప్ప గుంట గాలించారు. అందులో రెండు మీసాల చేపలు దొరికాయి. చెరువంతా నిండినవి తూము దాటి గుంటలోకి రాకుండా ఉంటాయా? కానీ సాక్ష్యం దొరికిందన్నారు. బ్లీచింగ్ చల్లారు. అతని బొచ్చెలన్నీ తెల్లగా తేలాయి. ఆ రోజునుంచి అతని పేరు మీసాల మునియప్ప. గుంట పూడిపోయాక హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. కార్లకు సెల్యూట్ కొడతాడు. ఇప్పటికీ ఆదివారాలు నన్ను చూడటానికి వస్తాడు. ఈల ఊది మరీ లోపలికొస్తాడు. "గేటు తియ్యక్కా, వీఐపీ వచ్చినాడు," అంటాడు. నవ్వుతాను. నవ్వకుండా ఎలా ఉంటాను, నవ్వించేవాడే కదా. అతను వెళ్లాక ఆ నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోతుంది, దించుకోవడం రాదు.

చేపలు వదలడం తప్పు కాదేమో. మొగుడు చెప్పిన చివరి మాటను తెలియక అలా పాటించాను. నా నాలుగింటితోనే చెరువు నిండిందో, మరెక్కడనుంచైనా వచ్చాయో దేవుడికే తెలియాలి. కానీ గింజలు మార్చిన చెయ్యి నాది. అది తెలిసే చేసింది. ఇల్లు పోతుందన్న భయం మొదటి గుప్పెడుకు సరిపోతుంది. మరి మిగతా గుప్పెళ్లకు? దిద్దనిదాన్ని అనిపించుకున్న పేరు పోగొట్టుకోలేకపోయాను. అదీ నిజం.

పోయిన వారం మేడమ్ వచ్చింది. తల కొంచెం నెరిసింది. అచ్చయిన పుస్తకం తెచ్చింది. మన చెరువు మ్యాపు, తూము దగ్గర రేగుపండంత చుక్క. నా పేరు కూడా వేసిందట, సాయం చేసినందుకు. ఇంగ్లీషులో నా పేరు చీమల బారులా ఉంది. వేలితో తడిమాను. నా పేరు నిలబడింది, అతని పేరు మీదెక్కి.

ఆమెకు అక్కడే చెప్పాను. ఆ చుక్క తప్పు, మా మెట్ల మీద ఉండాలి అని. ఆమె పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది, కాఫీ తాగలేదు.

కోడలు ఇక్కడ పెన్ను ఆపింది. "అత్తా, ఇది ఆదివారం మునియప్పకు చదివి వినిపించాలా? నిజంగానా?" అని అడుగుతోంది. నా నోటితో చెప్తే నవ్వించి తప్పించుకుంటానని నాకు తెలుసు. అందుకే రాయించాను. నువ్వు చదువు, నేను ఎదురుగా కూర్చుంటాను అన్నాను. ఆ తర్వాత అతను ఈల ఊదుతాడో, లేచి వెళ్తాడో, మళ్లీ ఈ గడప తొక్కుతాడో లేదో. అది అతని ఇష్టం. క్షమించమని ఇందులో ఎక్కడా రాయించలేదు చూడు, అడిగే ముఖం లేదు.

కిటికీ తెరవమన్నాను. చెరువు గాలి వచ్చింది, కంపే అనుకో, అయినా హాయిగా ఉంది. పొద్దున చారులోకి చింతపండు పిసికినప్పుడు వచ్చిన గింజలు పారేయలేదు. ఇప్పుడే వాటిని ఎర్ర డబ్బాలో వేశాను. ఈసారి చప్పుడయ్యేలాగే.