ఐదు సెకన్లు నడిచిన కంప్యూటర్

కోరుట్లలో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. మిషన్ చూడగానే రోగం చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా. ఆ ఇష్టమే మా అక్క కొంప ముంచింది.

అక్కది సిరిసిల్ల. ముందు గదిలో బావ చీరలు నేసే సాంచాలు రెండు, వెనక గదిలో అక్క కంప్యూటర్. దాని మీద చీరల అంచులకు డిజైన్లు గీసి ఒక సేటుకు ఇచ్చేది. పదో తరగతితో చదువాగిపోయి, ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన మనిషి పట్టుబట్టి నేర్చుకున్న పని అది. మొదటి డిజైన్ నేతకు ఎక్కిన రోజు, తునికాకు కత్తిరించే కత్తెరను అటక మీదికి విసిరేసి, ఇక దాని మొహం చూడనంది.

ఆ దసరాకు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. సాంచాలకు మీ బావ బొట్టు పెడతాడు, నా కంప్యూటర్‌కు నువ్వు పెట్టమని పూజ పళ్లెం నా చేతికిచ్చింది. తడి గంధం, దాని మీద కుంకుమ, కంప్యూటర్ డబ్బా ముందున్న బటన్ మీద దండిగా బొట్టు పెట్టాను. పండుగ కదా, రెండు రోజులు ఎవరూ దాన్ని ముట్టలేదు.

నేను కోరుట్ల వచ్చాక అక్క ఫోన్ చేసింది. బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతోందట, ఐదు సెకన్లకే ఆగిపోతోందట. సేటు పెద్ద పని ఇచ్చాడు, తొందరగా రమ్మంది. ఆదివారం వేములవాడ మీదుగా బస్సులో వెళ్లాను. మూత తీస్తే లోపల వేలెడు మందం నూలు దుమ్ము. సాంచాల ఇల్లు మరి. వేడికి మదర్‌బోర్డు కాలిపోయిందని అక్కడే తేల్చేసుకున్నాను. దుమ్ము దులిపాను, ర్యామ్ మార్చాను, వెంట తెచ్చిన వేరే పవర్ సప్లై పెట్టి చూశాను. ప్రతిసారీ అదే బటన్ నొక్కాను, ప్రతిసారీ ఐదు సెకన్లకే ఆగింది.

"బోర్డు పోయింది అక్కా."

"మంచిగ సూసినవా తమ్మీ?"

నాకు చిర్రెత్తింది. ఇన్నేళ్లుగా చేస్తున్నదే ఈ పని అన్నాను.

అంత పాత రకం బోర్డు కోరుట్లలో లేదు. జగిత్యాలలో దుకాణాలన్నీ తిరిగినా దొరకలేదు. మొత్తం కొత్తది కొనే తాహతు ఆ ఏడాది బావకు లేదు. సేటు నెల రోజులు ఆగాడు, తర్వాత ఆగలేదు. అక్క అటక మీది కత్తెర దించుకుందని బావ చెప్పినప్పుడు నేను బోర్డును తిట్టుకున్నాను.

ఎండాకాలంలో, పనికొచ్చే భాగాలు ఏవైనా తీసుకుందామని ఆ డబ్బాను దుకాణానికి తెచ్చుకున్నాను. బోర్డు విప్పి అట్టపెట్టె మీద పెట్టి, అలవాటుకొద్దీ, బటన్ నొక్కే బదులు, దాని తీగ తగిలించే రెండు పిన్నులకు స్క్రూడ్రైవర్ తాకించాను. నడిచింది. చాయ్ తాగి వచ్చినా నడుస్తూనే ఉంది. బటన్ ఊడదీస్తే, సందులోకి కారి గట్టిపడ్డ గంధం. నొక్కిన బటన్ వెంటనే పైకి లేవక, కాసేపు లోపలే ఇరుక్కుంటోంది. వేలు తీయకుండా బటన్ నొక్కిపట్టుకుంటే ఏ కంప్యూటరైనా ఆగిపోతుంది. ఎవరైనా గిరాకీ తెచ్చిన డబ్బా అయితే ముందు చూసేది అదే. అక్క దగ్గర గొప్పకు పోయాను.

బటన్ కడిగి, అన్నీ బిగించి సిరిసిల్ల తీసుకెళ్లాను. అక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వేళ్లకు తంబాకు మరకలు. కంప్యూటర్ పెట్టి, సగంలో ఆగిపోయిన మామిడిపిందెల అంచును తెర మీద తెరిచాను.

"బోర్డు మంచిగనే ఉండె అక్కా. బటన్ ఇరికింది. నేను పెట్టిన బొట్టుకే."

తిట్టినా బాగుండేది. అక్క ఆ అంచు వైపు ఒకసారి చూసి, చేతిలోని బీడీకి దారం చుట్టింది.

"సేటు వేరేటోళ్లను పెట్టుకున్నడు తమ్మీ. పొద్దుమీకేలోపు నాకు వెయ్యి బీడీలు కావాలె," అని మళ్లీ చాటలోకి తల వంచింది.

నేను కంప్యూటర్ ముందే కూర్చుండిపోయాను. గంట గడిచినా అది ఆగలేదు. చివరికి నేనే బంద్ చేసి లేచాను.