మా వీధి తాగేసిన మైదానం

ఆటలో ఓడిపోయినవాళ్ళు ఎండ మీదో, రెఫరీ మీదో నెపం వేస్తారు. నా మొదటి ఐస్ హాకీ ఆటలో అసలు మైదానమే మిగల్లేదు. ప్రేక్షకులు దాన్ని నన్నారి షర్బత్‌లో వేసుకుని తాగేశారు. మీరు నమ్మరని తెలుసు. ఆ ఘోరానికి కారణం నేనే, అప్పుడు నాకు పదహారేళ్ళు, అందుకని మొదటినుంచీ చెప్పుకొస్తాను.

మాది కర్నూలును ఆనుకున్న కల్లూరు. మా వైపు ఐస్ అంటే రెండే రకాలు. పెళ్ళిళ్ళలో నీళ్ళ డ్రమ్ముల్లో వేసేది ఒకటి, పుల్లకు గుచ్చి అమ్మేది ఒకటి. నేను హాకీ ఆడింది చక్రాల బూట్లతో, సిమెంటు గచ్చు మీద. అందులోనూ గోలీని, అంటే గోల్ దగ్గర కాపలా. ప్రతిభ ఉండి కాదు. పరుగెత్తితే ఆగడం నాకు చేతకాదు గనుక కోచ్ నన్ను ఒకచోట నిలబెట్టేశాడు. ఐస్ హాకీకి జూనియర్ జట్టు కడుతున్నామని హైదరాబాద్‌లో ఎంపికలు పెట్టినప్పుడు కూడా అందరం చక్రాల మీదే ఆడాం. నాకు పోటీగా రావలసిన అమ్మాయికి ఆ రోజు జ్వరం. ఐస్ మీద కాలు పెట్టకుండానే నేను ఐస్ హాకీ క్రీడాకారిణిని అయిపోయాను.

హిమాలయాల దగ్గర ఒక ఊళ్ళో, కప్పు కింద నిజమైన ఐస్ ఉండే చోట మూడు వారాల శిక్షణ అన్నారు. వెళ్ళాలంటే తండ్రి సంతకం చేసిన కాగితం సోమవారానికల్లా అందాలి. అందకపోతే జ్వరం తగ్గిన అమ్మాయి వెళ్తుంది.

మా నాయన కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఏ వస్తువును చూసినా ముందు అది ఎక్కడ కాలుతుందో, ఎక్కడ విరుగుతుందో చూడడం ఆయనకు అలవాటు. కూతురి విషయంలోనూ అంతే. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి అడిగాడు.

"ఐస్ మీద జారుతాది గదా పాపా?"

"జారడమే గదా నాయనా ఆట."

"పడితే?"

"పడను."

"నువ్వెప్పుడన్నా ఐస్ మీద ఆడినావా?"

చూశారా, ఇక్కడ 'లేదు' అని రెండక్షరాల మాట చెప్పి ఉంటే ఈ కథే లేదు. నేను "శానాసార్లు" అన్నాను.

"యాడ?"

"హైదరాబాద్‌లో. సెలెక్షన్‌కు పోయినప్పుడు."

"ఎట్ల ఉండాది?"

"సల్లగా ఉండాది."

ఆ ఒక్క ముక్కా ఊహించి చెప్పినా నిజమే అయింది.

నాయన కాగితం నా చేతికి తిరిగిచ్చేశాడు. "అయితే మాకు గూడ సూపిచ్చు. మీ ఓబులేసు మామది ఐస్ ఫ్యాక్టరీనే గదా. ఆదివారం నేను మూడుసార్లు కొడతా. నువ్వు కింద పడకుండ ఆపితే సంతకం పెడతా. పడితే బూట్లు అటక మీదికి, నువ్వు ఇంటర్ పుస్తకాల కాడికి."

గోలీ ఉద్యోగమే పడడం. మోకాళ్ళ మీద దబ్బున పడి, కాళ్ళు అటొకటి ఇటొకటి చాచి అడ్డుకోవాలి. పడకుండా ఆపమనడం, పొయ్యి ముట్టించకుండా వంట చేయమనడమే. ఆ సంగతి చెబితే సంతకం ఆశ అక్కడే పోతుందని భయమేసి "సరే" అని తలూపాను.

ఆదివారం పొద్దున మా అమ్మ తమ్ముడు ఓబులేసు మామ ట్రాలీ ఆటోలో ఐస్ దిమ్మెలు దింపించాడు. వీధి చివర రేకుల షెడ్డు కింద గచ్చు మీద వాటిని వరసగా పేర్చి, సందుల్లో ఐస్ పొడి కూరి, పైన నీళ్ళు చల్లాం. నులక మంచాన్ని పక్కకు తిప్పి నిలబెడితే అదే గోల్. కోచ్ దగ్గర అరువు తెచ్చిన బ్లేడు బూట్లు వేసుకుని, కాళ్ళకు లావుపాటి మెత్తలు కట్టుకుని బయటికి వచ్చేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది.

"ఏందే, పరుపులు కాళ్ళకు కట్టుకోని తిరుగుతాండావు?" అంది మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి. ఆమె చేతిలో నన్నారి సీసా, ఇంకో చేతిలో స్టీలు చెంబు. ఆమె చూపు నా మీద లేదు, ఐస్ మీద ఉంది.

శివరాత్రి దాటి నెలైంది. టైము పదిన్నర. కర్నూలు ఎండ గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

"పాపా, ఆ మూల రోంత ఇరిగిపోయింది సూడు. పడేసేదే గదా, ఈడ ఎయ్యి" అని జేజి చెంబు చాపింది. జేజి అడిగితే కాదంటామా? వేశాను. నేను చేసిన తప్పుల్లో అది రెండోది. ఒకరికి వేశాక ఇంకొకరికి లేదనడానికి వీధిలో మొహం చెల్లదు కదా! పక్కింటి ఆమె గిన్నెతో వచ్చింది. ఎదురింటాయన ఏకంగా సుత్తితో వచ్చాడు. నాయన కర్ర పట్టుకుని కొట్టడం సాధన చేస్తున్నాడు, మామ ఐస్ కోసం పెళ్ళివారు చేసిన ఫోనుకు జవాబు చెబుతూ అటు వెళ్ళాడు, నా మైదానం నాలుగు వైపులనుంచీ చెంబుల్లోకి పోతోంది.

"అప్పా, అది గ్రౌండప్పా! తినద్దండి!" అని అరిచాను.

"తినల్యా పాపా, తాగుతాండాం" అన్నాడు సుత్తి ఆయన.

అప్పుడు దేవుడు పంపినట్టు ఖాజా మామ వచ్చాడు. మా వీధిలో తోపుడు బండి మీద కుల్ఫీ అమ్మే మనిషి.

"ఫికర్ జెయ్యద్దు బేటీ. ఉప్పు జల్లు. ఐస్‌కు ఉప్పు పడితే ఇంకా సల్లబడ్తాది. ఇరవై ఏండ్ల నుంచి ఏస్తాండా."

నాకు ఒళ్ళు పులకరించింది. ఐస్ గట్టిపడుతుంది, పైగా ఉప్పుదాన్ని ఎవరూ తాగరు! ఫ్యాక్టరీకి పోవలసిన ఉప్పు బస్తాలు రెండు ట్రాలీలోనే ఉన్నాయి. ఖాజా మామ ఒకటి విప్పాడు, నేనొకటి విప్పాను. విత్తనాలు చల్లినట్టు మైదానమంతా చల్లాం.

మొదట వినబడింది ఉమ్మిన శబ్దం. తర్వాత జేజి గొంతు. "నన్నారిలో ఉప్పు కలిపిన ముండ యెవతె?" ఆ ముండను నేనేనని చెప్పే ధైర్యం లేక మెత్తలు సర్దుకుంటూ నిలబడ్డాను.

ఫోను పెట్టేసి వచ్చిన మామ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఉప్పేసినారా? ఐస్ మీదనా? ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ళు తొట్టిలో, ఐస్ డబ్బాల బయట ఉండాలమ్మే! ఐస్ మీద ఏస్తే కరగదా?"

"ఖాజా మామ కుండలో ఏస్తాడు గదా?"

"ఆయప్ప కుండలో ఐస్ కరగాల, కుల్ఫీ గట్టిపడాల. నువ్వు కుల్ఫీవా?"

ఐస్ బుసబుసమంటూ గుంటలు పడుతోంది. ఉప్పునీళ్ళు వీధిలోకి కాలువ కట్టాయి. ఇంకాసేపు ఆగితే ఆట నీళ్ళలో ఈదుతూ ఆడాలి.

"నాయనా, కొట్టు! బిర్నా కొట్టు, కరిగిపోతాంది!" అన్నాను.

ఐస్ హాకీలో బంతి ఉండదు, మాడిపోయిన అలసంద వడలా నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. నాయన మొదటిసారి కొట్టాడు. బిళ్ళ ఒక గుంటలో పడి ఆగిపోయింది. రెండోసారి కొట్టాడు, నా మెత్తకు తగిలి పక్కకు పోయింది. వీధంతా చప్పట్లు. నేను పడలేదు! ఎందుకు పడలేదో అప్పుడు కిందికి చూసుకుంటే తెలిసింది. నా బ్లేడ్లు రెండూ దిమ్మెల మధ్య సందులోకి దిగిపోయి ఉన్నాయి. పడాలనుకున్నా పడే వీలు లేదు.

మూడోది గట్టిగా కొట్టాలని నాయన వెనక్కి నడిచాడు. హవాయి చెప్పులు, లుంగీ. "వద్దు బావా!" అని మామ అరుస్తూనే ఉన్నాడు. నాయన పరుగెత్తుకొచ్చాడు. బిళ్ళ ఉన్నచోటే ఉంది. నాయన మాత్రం వెల్లకిలా పడి, రెండు కాళ్ళూ పైకెత్తి, సర్రున జారుకుంటూ నా పక్కనుంచి దూసుకుపోయి మంచాన్ని గుద్దాడు. మంచం ఆయన మీద బోర్లా పడింది. నా జీవితంలో నేను వదిలేసిన మొదటి గోల్ మా నాయనే.

వీధిలో ఎవరూ నవ్వలేదు. నాకైతే ప్రాణం పోయినంత పనైంది. బూట్లలోంచి కాళ్ళు ఊడబెరుక్కుని వట్టి పాదాలతో పరుగెత్తాను.

"నాయనా! నాయనా! ల్యాయ్!"

నులక సందుల్లోంచి ఆయన నన్ను చూశాడు. "నిజం జెప్పు. నువ్వు ఐస్ మీద ఎప్పుడన్నా ఆడినావా?"

ఏడుపు వచ్చేసింది. "ల్యా నాయనా. ఈ పొద్దే మొదలు. అబద్ధం జెప్పినా. సంతకం వద్దులే, నువ్వు ముందు పైకి ల్యాయ్."

మామ, ఖాజా మామ కలిసి మంచం ఎత్తారు. నాయన నడుం పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. లుంగీ నిండా ఉప్పు. కరిగిపోతున్న దిమ్మెలను చూశాడు, చెంబులు పట్టుకుని నిలబడిన వీధిని చూశాడు, నా ఎర్రబడిన పాదాలను చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"ఆ కాగితం తే."

"సింపేస్తావా?"

"సంతకం పెడతా. నిన్ను హిమాలయాలకు పంపకపోతే, హిమాలయాలనే కల్లూరుకు తెచ్చి నా నడుం ఇరగ్గొట్టేటట్టు ఉండావు. పో తల్లీ. పడేదేదో ఆడనే పడు."

అప్పుడు నవ్వింది వీధి. నేను ఏడుస్తూనే నవ్వాను. కాగితం మీద తడి మరకతో ఆ సంతకం చేరవలసిన చోటికి చేరింది. శిబిరంలో అడుగుపెట్టిన మొదటి నిమిషంలోనే పడ్డాను. మూడు వారాలూ పడుతూనే ఉన్నాను. ఇప్పటికీ నాకు ఎముకేదీ విరగలేదు. నాయన మాత్రం నెల రోజులు నడుముకు పట్టీ వేసుకుని మోటార్లు చుట్టాడు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. రాని ఆటను వచ్చని ఇక జన్మలో చెప్పను. నోరు జారి చెప్పినా, ఆడి చూపిస్తానని ఒప్పుకోను. ఒప్పుకున్నా, మా నాయనను ఎదుటి జట్టులోకి తీసుకోను.