శుభ్రం అన్న చీటీ

సెయిపోనె పట్టిన కప్పలంటే పట్నం లాబులో ఒక గౌరవం. మనిషికి కాదులెండి, కప్పలకే!

ఒకప్పుడు ఆవిడ దక్షిణాఫ్రికాలో వాల్ నది ఒడ్డున దొరగారి మొక్కజొన్న చేలల్లో కలుపు తీసేది. కలుపుమందు వచ్చి ఆ పని కాస్తా ఊడగొట్టింది. అప్పట్నుంచీ కప్పలు పట్టి లాబుకి అమ్ముతోంది. కోడి కార్జం ముక్కని గుడ్డలో మూటకట్టి, మూతకి బొక్కపెట్టిన బకెట్లో వేసి, కూలీల ఇళ్ళ వెనకున్న చెరువులో దించితే పొద్దుటికి ముప్పై పడేవి. లాబువాళ్ళు వాటిని రెండు వరసల తొట్లలో పోసేవాళ్ళు. ఒక వరసలో కలుపుమందు కలుపుతారు, రెండో వరసలో ఏమీ కలపరు. ఆ రెండో వరస మీద "శుభ్రం" అని చీటీ. చెరువు పక్కన మందు కొట్టనని దొర లాబుకి కాగితం రాసిచ్చాడు మరి. కాగితం మీద ఎప్పుడూ కొట్టలేదు పాపం!

ఆ చీటీ చూసి సెయిపోనె మురిసిపోయింది. "మన చెరువు నీళ్ళు శుభ్రమని లాబువాళ్ళే రాశారే!" అని ఇంటింటికీ చెప్పుకుంది. ఆ నోరే కొంప ముంచింది. బోరు వెయ్యమని ఆడవాళ్ళు అర్జీ పెడితే మునిసిపాలిటీ ఆఫీసరు నవ్వేశాడు. "లాబే శుభ్రమన్నాక బోరెందుకమ్మా?"

"నీ గొప్పలు తగలెయ్యా! నువ్వే పోయి ఆ మాట మార్పించుకురా," అంది పక్కింటి దిత్సేగో.

వెళ్ళింది. లాబులో ఓఆగిలె అనే డాక్టరు కప్పని కోసి చూస్తున్నాడు.

"చూడు పిన్నీ, మగకప్ప కడుపులో గుడ్లు! ఈ మందు ఒంట్లో ఆడా మగా తారుమారు చేస్తుందేమోనని మా అనుమానం. కానీ రెండు వరసల్లోనూ ఇదే వరస. తేడా లేదు. అంటే మందు తప్పేం లేదన్నమాట."

సెయిపోనె తొట్లకేసి చెయ్యి చూపించింది.

"తేడా ఎందుకుంటుంది బాబూ? రెండు వరసలూ మా చెరువులో పుట్టినవే కదా! వానొస్తే చేలల్లో కొట్టిన మందంతా అందులోకే. మేం తాగేదీ అవే నీళ్ళు."

ఓఆగిలె కత్తి కింద పెట్టాడు. మంచివాడే. లాబు పెద్దసారుతో పోట్లాడి మరీ, మందు తప్పు లేదన్న రిపోర్టు ఆపించాడు. పది రోజులకి ఫోన్ చేశాడు.

"నువ్వన్నది నిజమే పిన్నీ. మీ నీళ్ళు పరీక్ష చేశాం. మందుంది. ఇకమీదట మీ కప్పలు వద్దన్నారు, కొండవాగు నుంచి తెప్పిస్తారట."

"ఆ ముక్క కాగితం మీద రాసియ్యి నాయనా, బోరడుగుతాం."

"అడిగాను. మనుషుల నీళ్ళ సంగతి మన పని కాదన్నారు."

దిత్సేగో గుమ్మంలోనే కాచుకునుంది. "ఏమన్నారే?"

"కప్పలకి నీళ్ళు మారుస్తారట."

"మరి మనకో?"

సెయిపోనె కప్పల బకెట్ అందుకుంది. సంకటికి ఎసరు పెట్టాలి. బొక్కమూత పీకి పారేసింది. కార్జం కంపు పోయేదాకా బకెట్ తోమి, అదే చెరువులో ముంచి, నీళ్ళు మోసుకొచ్చి పొయ్యి మీద పెట్టింది.