జేజి పేరు మీద ఒక డాట్ కామ్

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఒకటుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. కడపలో ఇంజనీరింగ్ అప్పుడే పూర్తయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఈ రెంటికీ నడుమ ఉండే ఖాళీలో మనిషికి తెలివి విపరీతంగా పెరుగుతుంది. కమలాపురం దగ్గర మా ఊళ్లో ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల ఫోను తీసుకుని, అడగకపోయినా ఏదో ఒకటి సరిచేసి ఇచ్చేదాన్ని. (నేను సరిచేశాక రెండు ఫోన్లు పలకడం మానేశాయి. ఆ సంగతి ఆ ఇళ్లవాళ్లు ఇప్పటికీ మర్యాద కొద్దీ ఎత్తరు.) అట్లాంటి రోజుల్లోనే మా గానుగకు ఇంటర్నెట్టులో ఒక పేరు కొనే పని నా చేతికొచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

గానుగ మా పెదనాయనకూ మా నాయనకూ ఉమ్మడిది. పట్నాలవాళ్లకు కట్టెగానుగ నూనె మీద మోజు పుట్టిన కాలం అది. మా శెనక్కాయ నూనెను ఫోన్లో చూసి తెప్పించుకునే వీలుండాలని నేను ఇంట్లో ఊదరగొట్టాను. పేరు కూడా నేనే పెట్టాను, ‘జేజి గానుగ డాట్ కామ్’ అని. జేజి అంటే మా నాయన వాళ్లమ్మ. పేరు అందరికీ నచ్చింది. పెదనాయన మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని విచారణ మొదలుపెట్టాడు. ఆయన సెంటు భూమి కొనాలన్నా ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు వెలుతురుకు పట్టి చూస్తాడు, పక్క చేనివాళ్లను పిలిచి టీ తాగిస్తాడు. ఈ పేరు ఇంతకుముందు ఎవరి స్వాధీనంలో ఉండిందో, దీనికి హద్దులేమిటో, రేపు ఎవరైనా అడ్డం తిరిగితే ఏ ఆఫీసుకు పోవాలో వరసగా అడిగాడు. నేను పకపకా నవ్వాను. ఆఖరున ఒక్క మాట అడిగాడు.

“ఇది శాశ్వతమా పాపా, కౌలా?”

“శాశ్వతమే పెదనాయనా,” అన్నాను.

అంత ధీమాగా ఎట్లా చెప్పగలిగానంటే, నాకు తెలియదు కాబట్టి.

ఫారంలో యజమాని పేరు అన్న గడి దగ్గర మాత్రం ఎవరూ తడుముకోలేదు. మా ఇంట్లో ఏది కొన్నా జేజి పేరు మీదే కొంటారు. చేలు, ట్రాక్టరు, గానుగకు కరెంటు మీటరు, అన్నీ ఆమెవే. ఆమె చేయి మంచిదని చెబుతారు. (రైతు రాయితీలకు సంబంధించిన వేరే కారణాలు కూడా ఉన్నాయని పెదనాయన గొంతు తగ్గించి చెబుతాడు. అవి ఇక్కడ అనవసరం.) కాబట్టి పేరు జేజిది, ఫోను నెంబరు జేజిది, ఆమెకు మెయిలు లేదంటే అప్పటికప్పుడు ఒకటి పుట్టించి అదీ ఆమెకే అంటగట్టాను. కింద చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు బారెడు పొడుగున ఉన్నాయి. వాటి పక్కన డబ్బాలో టిక్కు పెట్టాను. జేజిని పిలిచి కంప్యూటరుకు కుంకుమ పెట్టించాం. ఆమె ఇదేమని అడిగింది. నీ పేరు మీద ఒక పేరు కొన్నామని చెబితే, ఉండే పేరు చాలదా అని నవ్వుకుంటూ పోయింది.

ఏడాది తిరిగేలోపల నూనె బాగానే పోయింది, డబ్బాల మీద ఆ పేరు అచ్చయింది, అన్నదమ్ములు భాగాలు కూడా పంచుకున్నారు. కొట్లాటలేమీ లేవు. జేజి పేరు మీద ఉన్నవన్నీ ఇద్దరు కొడుకులకు రాయించారు. గానుగ పెదనాయనకు, దాని బదులు పైచేలు మా నాయనకు. బద్వేలులో చిన్న అంగడి పెట్టుకుని బతుకుతున్న మా మేనత్త ఊసు ఎవరూ ఎత్తలేదు, పెండ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశామని లెక్క. జేజి రిజిస్ట్రారు ఆఫీసులో చూపించినచోటల్లా వేలిముద్ర వేసి వచ్చింది. ఇక మిగిలింది ఆ డాట్ కామ్ ఒకటే. గానుగ ఎవరిదో పేరూ వాళ్లదే కదా, మార్చేయమని పెదనాయన నాకు పురమాయించాడు. అది రెండు నిమిషాల పనని చెప్పి కూర్చున్నాను.

అక్కడ తెలిసింది నా తెలివి ఎంతమటుకో. ఆ పేరు మాకు ఏడాదికే ఇచ్చారట, ఆ ఏడాది ఇంకో పన్నెండు రోజుల్లో ముగుస్తుంది. గడువు దాటి కొన్నాళ్లు పోతే ఎవరైనా కొనుక్కోవచ్చు, అచ్చయిన డబ్బాలు వాళ్లకు ప్రచారం చేసిపెడతాయి. మొదటి ఏడాది చూపించిన చవక ధర రెండో ఏడాదికి వర్తించదు. యజమాని అంటే వాడుకునేవాళ్లు కాదు, డబ్బు కట్టినవాళ్లు కూడా కాదు, ఆ గడిలో పేరున్న మనిషి. ఆ మనిషి మెయిలు తెరిచి సరేనంటే తప్ప ఏదీ మారదు. నేను పుట్టించిన మెయిలు పాస్‌వర్డు నాకే గుర్తులేదు. కొత్తది కావాలంటే జేజి ఫోనుకు ఆరంకెల నెంబరు వస్తుంది. ఆ ఫోను జేజి వక్కాకు తిత్తిలో ఉంటుంది. ఆ తిత్తిలో చేయి పెట్టిన మనిషి మా వంశంలో ఇంతవరకూ లేడు.

పెదనాయన నన్ను వెంటబెట్టుకుని తానే వెళ్లి, అమ్మా, ఒక నెంబరొచ్చింటాది, చెప్పమన్నాడు. ఎందుకని జేజి అడిగింది. నీ పేరు మీదుండేది నా పేరు మీదికి మార్చుకోవాలన్నాడు. ఎన్నోసార్లు జరిగిన సంభాషణే అది, ఎప్పుడూ అక్కడితో అయిపోయేది. ఈసారి జేజి ఆకుకు సున్నం రాసుకుంటూ తల ఎత్తలేదు.

“ఇన్నేండ్లు యాడ యేలు పెట్టమంటే ఆడ పెట్నా. యేం రాసినారో ఒక్కరూ సదివి చెప్పల్యా. దీన్నన్నా సదువు పాపా. ఇన్నాక సూస్తాం.”

ఆ చివరి మాటలు నాతో అన్నది. పెదనాయన నా వైపు చూశాడు. చదివి పారేయమ్మా అని ఆ చూపుకు అర్థం.

వసారాలో జేజి పక్కన కూర్చుని ఆ షరతులు ఇంగ్లీషులో చదువుకుంటూ తెలుగులో చెప్పడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. (నేనూ అదే మొదటిసారి చదవడమని ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలిసే ఉంటుంది.) ఈ పేరు సొంతం కాదు, వాడుకునే హక్కు మాత్రమే అన్నచోట జేజి చేయెత్తి ఆపి, అయితే కౌలే కదా అంది. పెదనాయన లోపలి గదిలో దగ్గాడు. ఈ షరతులు కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మార్చినట్టు విడిగా చెప్పనక్కర్లేదు అన్నచోట, మనమూ మార్చుకోవచ్చునా అని అడిగింది. కుదరదన్నాను. పైనోళ్ల కాగితాలన్నీ ఇట్లే ఉంటాయని ఆమె తేల్చింది. యజమాని మారిస్తే అరవై రోజులు ఇంకో కంపెనీకి తీసుకుపోకూడదంటే మాత్రం మెచ్చుకుంది, కోపంలో ఇచ్చేసినోళ్లు నిదానంగా ఆలోచించుకోవడానికి మంచిదేనట. నాలుగేళ్ల ఇంజనీరింగులో నన్ను ఎవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు.

అంతా అయ్యాక ఇది ఎవరికైనా ఇవ్వొచ్చునా అని అడిగింది. ఎవరికైనా అన్నాను.

“అట్లయితే బద్వేలు దానికి రాయి.”

పెదనాయన గదిలోంచి బయటికొచ్చాడు. గానుగ లేని మనిషికి గానుగ పేరెందుకని అడిగాడు. ఆ మాటలో న్యాయం ఉంది. జేజి కాదనలేదు. “గానుగ నీదే, నూనె నీదే. పేరూ వాడుకో, కాదన్ల్యా. యేడాదికొకతూరి నీ చెల్లెల్ని అడుగు. అంతే గదప్పా,” అంది. పెదనాయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు. పన్నెండు రోజుల్లో అప్పటికే నాలుగు పోయాయి. సరే కానీయమని ఆయన గేదెల దగ్గరికి వెళ్లిపోయాడు. జేజి తిత్తి విప్పి, వక్కలు ఒకపక్కకు తీసి, ఫోను నా చేతికిచ్చింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ గడువుకు నెల ముందు నుంచే పెదనాయన బద్వేలుకు ఫోను చేయడం మొదలుపెట్టాడు. మునుపు పండగకు కూడా చేసేవాడు కాదు. మేనత్త వెంటనే సరేననదు. “సూస్తాంలే అన్నా, అంగడి కాడ శానా పని ఉండాది,” అని రెండు మూడు ఫోన్లు చేయించుకుంటుంది. ఆ మాటల్లోనే పిల్లల చదువులు, మేనత్త మోకాళ్ల నొప్పి, పెదనాయన బీపీ అన్నీ వస్తాయి. ఒకసారి గడువుకు రెండు రోజుల ముందు ఆయన నూనె డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ పేరు రాసిచ్చిన ఏడాదే నాకు కర్నూలులో ఉద్యోగం వచ్చి బయలుదేరే ముందురోజు జేజి తన ట్రంకుపెట్టె తెరిపించింది. ఇట్లాంటివి ఇంకా శానా ఉండాయి, ఒకటొకటే సదివి పెట్టమంది. బావి కాడి చేను కాగితం ముందు తీయమంది. ఆ చేనును ఎవరికో కౌలుకిచ్చామని ఆమె అనుకుంటోంది. చదివాను. అది అమ్మకం దస్తావేజు నకలు. అమ్మింది ఆమే, ముద్ర ఆమెదే, తారీఖు నేను ఇంటర్ పూర్తిచేసిన వేసవిది. నా ఇంజనీరింగ్ ఫీజుకు ఏదో అమ్మారని విన్నానుగానీ, ఏదని నేను కనుక్కోలేదు. దాచబుద్ధి కాలేదు, చెప్పేశాను.

జేజి ఆ కాగితం తీసుకుని తన వేలిముద్రను కాసేపు చూసుకుంది.

“నీ సదువుకని చెప్పింటే నేనే అమ్మిందును గదా పాపా. అడగల్యా, అంతే.”

ఆ ముద్ర వేసిన రోజు నేనూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. ముద్ర వేశాక సిరా అంటిన జేజి బొటనవేలిని నా చేతిగుడ్డతో తుడిచింది నేనే. ఆ కాగితంలో ఏముందని ఆమెకు చదివి వినిపించాలన్న ఆలోచన, ఇంటర్‌లో జిల్లాకంతా నేనే చదువరినని అనుకునే ఆ పిల్లకు రాలేదు. పెదనాయన బయట బండి దగ్గర సుగంధ సోడా ఇప్పించాడు. అది శానా చల్లగా, తియ్యగా ఉండిందని మాత్రం ఇప్పటికీ గుర్తుంది.